రోజూ ఒకే తీరు పని కావాలా? తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఆరు ఉద్యోగాల పోలిక

కొందరికి పొద్దున ఇంట్లోంచి బయటపడేటప్పుడే ఈ రోజు ఏం చెయ్యాలో తెలిసి ఉండాలి. నిన్న చేసిన పనే ఇవాళా ఉంటే వాళ్లకు విసుగు రాదు, పైగా చెయ్యి తిరుగుతుంది. "కొత్తగా ఏదైనా ఐడియా చెప్పండి" అని మీటింగులో అడిగితే మాత్రం నోరు పెగలదు. ఇంట్లోవాళ్లు దీన్ని చొరవ లేకపోవడం అంటారు గానీ, పని ఇచ్చేవాళ్లలో చాలామంది వెతికేది ఇలాంటి మనిషినే. తిరుమల పోటులో, అంటే ఆలయ వంటశాలలో, లడ్డూ దిట్టమే (సరుకుల కొలతల పట్టిక) చూడండి. 5,100 లడ్డూలకు చక్కెర 400 కిలోలు, శనగపిండి 180, నెయ్యి 165, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4. అక్కడ ఎవరూ "ఈసారి కాస్త మార్చి చూద్దాం" అనరు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, "రొటీన్ ఉద్యోగం" అని అందరూ ఒకే మాటలో అనేస్తారు. అందులో వేర్వేరు సంగతులున్నాయి. ఏది మీకు ముఖ్యమో తేల్చుకోకుండా చేరితే, పని నచ్చినా మనిషి నిలవడు.

ముందు చూసుకోవాల్సినవి

పని ఒకేలా ఉండటం వేరు, వేళ ఒకేలా ఉండటం వేరు. రైలు నడిపే లోకో పైలట్ పని ప్రతి అడుగూ రూల్ బుక్ ప్రకారమే నడుస్తుంది. కానీ డ్యూటీకి పిలుపు అర్ధరాత్రి రావచ్చు, మధ్యాహ్నం రావచ్చు. నిద్ర, తిండి వేళకు జరగకపోతే తట్టుకోలేని మనిషికి ఆ రూల్ బుక్ ఏ మాత్రం ఆసరా కాదు.

తర్వాత చోటు. బదిలీ అయితే ఇల్లు, దారి, పక్క సీటు అన్నీ మారతాయి. ఆ తర్వాత మనుషులు: రోజంతా కొత్త ముఖాలతో మాట్లాడాలా, ఎరిగిన నలుగురితోనా? వీటి వెనకాల ఇంకో రెండు దాక్కుని ఉంటాయి, ఇంటర్వ్యూలో ఎవరూ చెప్పరు. ఒకటి టార్గెట్లు. రెండోది, తప్పు జరిగితే భారం ఎవరి మీద పడుతుందన్నది.

| ఉద్యోగం | పని | వేళ | చోటు | మనుషులు | టార్గెట్లు |
|---|---|---|---|---|---|
| పల్లె పోస్టాఫీసు బీపీఎం (బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్) | స్థిరం | రోజుకు 4–5 గంటలు | ఒకే ఊరు | ఎరిగిన ముఖాలే | ఉంటాయి |
| బ్యాంకు క్లర్కు | చాలావరకు స్థిరం | సాయంత్రం క్యాష్ కలిసేదాకా | బదిలీలుంటాయి | రోజంతా జనం | ఉంటాయి |
| ల్యాబ్ టెక్నీషియన్ | చాలా స్థిరం | షిఫ్టులు మారతాయి | ఒకే చోటు | కలెక్షన్‌లో జనం, లోపల మిషన్లు | ఉండవు |
| అకౌంట్స్, జీఎస్టీ | నెలకో చక్రం | గడువు తేదీల్లో ఆలస్యం | ఒకే చోటు | తక్కువ | గడువు తేదీలే |
| ఫ్యాక్టరీ లైన్ | అన్నిటికన్నా స్థిరం | షిఫ్టులు తిరుగుతాయి | ఒకే లైను | తక్కువ | గంటకు ఇన్ని అని లెక్క |
| రైల్వే వర్క్‌షాప్ | స్థిరం | పగటి డ్యూటీ | ఒకే చోటు | తోటి పనివాళ్లే | షాపు మొత్తానికి |

పల్లె పోస్టాఫీసు

గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగానికి పరీక్ష లేదు. లెక్కలు, ఇంగ్లిష్‌తో పదో తరగతి పాసై, తెలుగు చదివి ఉండాలి. వయసు 18 నుంచి 40. పదో తరగతి మార్కుల మీదే ఎంపిక. బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్‌కు, అంటే బీపీఎంకు, మూల భత్యం 12,000 దగ్గర మొదలవుతుంది. సహాయకుడికి 10,000. దీని మీద డీఏ కలుస్తుంది. రోజుకు నాలుగైదు గంటల పని కాబట్టి మిగతా సమయం మీదే. మామిడి తోటో, పాడో ఉన్న ఇంటివాళ్లకు ఇది చక్కగా కుదురుతుంది.

రోజు గడిచే తీరు: సంచి వస్తుంది, ఉత్తరాలు, పార్సిళ్లు లెక్క చూసుకుని తీసుకోవాలి. తర్వాత పొదుపు ఖాతాల జమలు, చెల్లింపులు, పింఛన్లు. చివర్లో రోజు లెక్క మూసి, పరిమితికి మించిన నగదును పై ఆఫీసుకు పంపాలి. రేపూ ఇంతే.

ఇక్కడ చెడేది ఒకచోటే. ఊళ్లో అందరూ తెలిసినవాళ్లు కావడం వల్ల "డబ్బు ఉంచు, పాస్‌బుక్కులో రేపు వేద్దువులే" అంటారు. ఆ ఒక్క మాటకు ఒప్పుకుంటే మర్నాడు ఎవరిది ఎంతో గుర్తుండదు. తనిఖీకి వచ్చినవాళ్లకు లెక్కలో లేని నగదు కనిపించినా తప్పే, లెక్కలో ఉండి చేతిలో లేకపోయినా తప్పే. డబ్బు తీసుకున్న క్షణంలోనే నమోదు, నమోదు కాగానే రసీదు. ఇందులో మొహమాటం పనికిరాదు.

ఈ రోజువారీ క్రమం మాత్రమే నచ్చి చేరేవాళ్లు రెండు సంగతులు మరిచిపోతారు. బీపీఎం ఆ ఊళ్లోనే ఉండాలి, ఆఫీసుకు చోటు తనే చూపించాలి. పైగా కొత్త ఖాతాలు, గ్రామీణ తపాలా బీమా కోసం మేళాలు పెడతారు, గడప గడపకూ వెళ్లి అడగాల్సి వస్తుంది. ఇంకొకటి: ఇది మామూలు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంతో సమానం కాదు. శాఖాపరమైన పరీక్ష రాసి ఎంటీఎస్ (మల్టీ టాస్కింగ్ స్టాఫ్), పోస్ట్‌మ్యాన్ అయితేనే పూర్తి జీతం. ఆ పరీక్ష రాసే ఉద్దేశం లేనివాళ్లు ఇంట్లో రెండో ఆదాయం ఉంటేనే దీన్ని ఎంచుకోవాలి.

బ్యాంకు క్లర్కు

ఏదైనా డిగ్రీ, వయసు 20 నుంచి 28, రిజర్వేషన్ల సడలింపు వేరు. బ్యాంకు పోస్టులకు ఐబీపీఎస్ అనే సంస్థ పెట్టే తొలి పరీక్ష, ప్రిలిమ్స్, గంటలో 100 ప్రశ్నలు, తప్పుకు పావు మార్కు పోతుంది. మూల వేతనం 24,050 దగ్గర మొదలు. రెండో, నాలుగో శనివారాలు సెలవు. ఇంట్లోవాళ్లకు చెప్పుకోవడానికి ఇంతకన్నా సులువైన ఉద్యోగం లేదు, అందుకే రొటీన్ ఇష్టపడేవాళ్లందరినీ ముందు ఇటే తోస్తారు.

క్యాష్ కౌంటర్ పనికి ఒక క్రమం ఉంది. జమ అయితే ముందు డబ్బు లెక్కపెట్టి తీసుకోవాలి, తర్వాతే కంప్యూటర్‌లో ఎక్కించాలి. చెల్లింపు అయితే ముందు ఎక్కించి, తర్వాతే డబ్బు ఇవ్వాలి. వోచరు వెనక ఏ నోట్లు ఎన్ని అన్నది ప్రతిసారీ రాయాలి. క్యూ పెరిగి, ఎవరో అరుస్తుంటే ఈ వరుస తారుమారవుతుంది. అయిదు వందల నోట్ల ప్యాకెట్ ఒకటి ఎక్కువ పోయిందంటే 50,000 తేడా. సాయంత్రం క్యాష్ కలవకపోతే ఎవరూ ఇంటికి వెళ్లరు, తక్కువైన డబ్బు క్యాషియరే కట్టుకోవాలి.

పద్ధతి పట్టుకుని నడిచేవాళ్లు ఈ కౌంటర్‌లో నిజంగా రాణిస్తారు. ఇబ్బంది పెట్టేవి వేరు: బీమా, కార్డులు అమ్మమనడం, బదిలీలు. చిత్తూరు ప్రధాన కార్యాలయంగా ఉన్న సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మరో మూడింటితో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయిపోయింది. కాబట్టి "గ్రామీణ బ్యాంకయితే పక్క జిల్లా దాటి పోనక్కర్లేదు" అన్న పాత లెక్కను నమ్ముకుని ఆఫీస్ అసిస్టెంట్ పోస్టుకు దరఖాస్తు పెట్టకండి.

ల్యాబ్ టెక్నీషియన్

పని తీరును మాత్రమే చూస్తే, ఈ జాబితాలో రొటీన్ మనిషికి దీన్ని మించింది లేదు. స్విమ్స్, రుయా, బర్డ్ ఆసుపత్రులున్న తిరుపతిలో, వేలూరుకు దగ్గరగా ఉన్న చిత్తూరులో ల్యాబులకు కొదవ లేదు. ఇంటర్ బైపీసీ తర్వాత రెండేళ్ల డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చెయ్యవచ్చు. కాలేజీకి పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉందో లేదో ఫీజు కట్టేముందే చూసుకోవాలి. గుర్తింపు లేని సర్టిఫికెట్ ప్రభుత్వ పోస్టులకు చెల్లదు.

ఇక్కడ క్రమం ఎంత ముఖ్యమో రక్తం తీసే ట్యూబుల దగ్గరే తెలుస్తుంది. ముందు నీలి మూత, తర్వాత ఎరుపు లేదా పసుపు, ఆ తర్వాత ఊదా, చివర బూడిద రంగు. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఉంచే మందు ఈడీటీఏ ఒక్క చుక్క ఎరుపు ట్యూబులోకి పోయినా పొటాషియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా చూపిస్తుంది. రోగికి ఏమీ లేకపోయినా రిపోర్టు చూసిన డాక్టరు కంగారు పడతాడు. నీలి ట్యూబులో రక్తం గీత దాకా రావాలి, ఎందుకంటే అందులో మందు ఒక వంతుకు రక్తం తొమ్మిది వంతులు. ఊదా ట్యూబును ఎనిమిది పది సార్లు మెల్లగా తిప్పాలి. గట్టిగా కుదిపితే ఎర్ర కణాలు పగిలి, ఫలితం తప్పుగా వస్తుంది. చేతికి కట్టిన పట్టీ నిమిషానికి మించి ఉంచకూడదు.

పొద్దున మొదటి రోగి శాంపిల్‌కు ముందే కంట్రోల్స్, అంటే విలువ ముందే తెలిసిన శాంపిళ్లు, మిషన్‌లో నడపాలి. విలువ హద్దు దాటితే కారణం తేలేదాకా రిపోర్టులు ఆపాలి. "లైన్ ఉంది, కానిచ్చెయ్" అనే యజమాని దగ్గర ఈ నియమం నిలవదు. అందుకే చేరేముందు కంట్రోల్ రిజిస్టర్ చూపించమని అడగండి. రోజూ రాసి ఉంటే మంచి ల్యాబ్. నెల చివర ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నింపినట్టుంటే వెనక్కి తిరగండి.

తూకంలో రెండో తట్ట: ప్రైవేటులో తొలి జీతం తక్కువ, పెద్దాసుపత్రిలో రాత్రి డ్యూటీ తప్పదు. వేళ కూడా మారకూడదనుకుంటే పొద్దున ఆరేడు గంటలకు తెరిచి మధ్యాహ్నానికి రద్దీ తగ్గిపోయే కలెక్షన్ సెంటర్లు చూడండి. జనంతో మాటలు వద్దనుకుంటే బయోకెమిస్ట్రీ మిషన్ దగ్గర డ్యూటీ అడగండి. ఒకే చదువుతో ఇన్ని రకాల సీట్లు దొరకడం దీని ప్రత్యేకత.

అకౌంట్స్, జీఎస్టీ పని

ఇది రోజువారీ రొటీన్ కాదు, నెలవారీ రొటీన్. 7న టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే కోసుకున్న ఆదాయపన్ను) కట్టాలి, 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 14న 2బీ (కొనుగోళ్ల మీద పన్ను జమ పట్టిక) వస్తుంది, 15న పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా), 20న 3బీ (నెల మొత్తం లెక్క, పన్ను). నెలంతా ఈ తేదీల చుట్టూ తిరుగుతుంది. 1 నుంచి 6 దాకా ప్రశాంతం, 10 నుంచి 20 దాకా ఊపిరాడదు. ఈ అల ముందే తెలిసిందే కాబట్టి చాలామందికి ఇబ్బంది అనిపించదు. పని వచ్చాక అన్నం కూడా తేదీ చూసి తింటారు.

బీకామ్, ట్యాలీ వస్తే చాలు. ఆడిటరు ఆఫీసులో ఏడాది చేస్తే మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, బెల్లం మండీ, హోటల్, మిల్లు ఎక్కడైనా సరిపోయే పని నేర్చుకోవచ్చు.

చిత్తూరులో ఈ పనికి ఒక ప్రత్యేకమైన మెలిక ఉంది. ఇటు తమిళనాడు, అటు కర్ణాటక. జీఎస్టీ నంబరు మొదటి రెండంకెలు మనకు 37, తమిళనాడుకు 33, కర్ణాటకకు 29. పలమనేరు వ్యాపారి బిల్లు చిత్తూరు పార్టీకి అయితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (కేంద్రం వంతు, రాష్ట్రం వంతు). అదే సరుకు తమిళనాడులోని గుడియాత్తం పోతే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్ను). ఒకే యజమానికి రెండు రాష్ట్రాల్లో రెండు నంబర్లుంటే పేరు చూసి లెడ్జర్ ఎంచుకునే అలవాటున్నవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. తప్పు పద్దు కింద పన్ను కడితే సరైన పద్దు కింద మళ్లీ కట్టి, మొదటిదాన్ని వాపసు అడగాలి. ఈలోగా యజమాని డబ్బు ఇరుక్కుంటుంది, తిట్లు మీకు. అందుకని పేరు కాదు, మొదటి రెండంకెలు చూసే ఎంట్రీ వెయ్యాలి. 15 అక్షరాల నంబరును ఎవరో వాట్సాప్‌లో పంపిన ఫొటో చూసి టైపు చెయ్యకుండా, పోర్టల్‌లో వెతికి సరిచూసుకోవాలి.

తోతాపురి కోతలు ముమ్మరంగా సాగే మే నుంచి జులై దాకా గుజ్జు ఫ్యాక్టరీల అకౌంట్స్ గదిలో రాత్రింబవళ్లు బిల్లులే. ఏడాదంతా ఒకే వేగం కావాలనుకునేవాళ్లు మందుల హోల్‌సేల్, స్కూళ్లు, ఆసుపత్రుల అకౌంట్స్ వైపు వెళ్లడం మేలు.

ఫ్యాక్టరీ లైన్

కరకంబాడి బ్యాటరీలు, రేణిగుంట ఎలక్ట్రానిక్స్, శ్రీసిటీలో ఫోన్లు, ఏసీలు, చాక్లెట్లు, వాహనాలు. ఐటీఐ, డిప్లొమా వాళ్లకు తలుపులు తెరిచే ఉంటాయి. ఏ స్క్రూ ఎంత బిగించాలో కూడా కాగితం మీద రాసి లైను ఎదుట తగిలిస్తారు. ఎలక్ట్రానిక్స్ లైనులో షిఫ్టు మొదట్లో మణికట్టు పట్టీని పరీక్షా మిషన్ మీద పెట్టి పచ్చలైటు వచ్చాకే బల్ల దగ్గర కూర్చోవాలి. స్థిర విద్యుత్తు వల్ల పాడైన చిప్ ఆ రోజు పనిచేసి, కొన్నవాడి చేతిలో ఆగిపోవచ్చు.

శరీరానికి మాత్రం ఇది రొటీన్ కాదు. పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది అంటూ షిఫ్టులు తిరుగుతాయి. తిరుపతి నుంచి శ్రీసిటీ బస్సుకే గంటన్నర పోతే ఎనిమిది గంటల డ్యూటీ పదకొండు గంటలవుతుంది. దీనికి ఒక దారి ఉంది, లోపలివాళ్లకే తెలుసు: స్టోర్స్, డాక్యుమెంటేషన్, ఇన్‌కమింగ్ క్వాలిటీ సీట్లు చాలాచోట్ల జనరల్ షిఫ్టులో నడుస్తాయి. ముందు లైనులో చేరినా, ఏడాది తర్వాత అటు మారతానని రాసివ్వండి.

ఆఫర్ లెటర్‌లో మీరు కంపెనీ రోల్స్ మీద ఉన్నారా, కాంట్రాక్టరు కిందా, అప్రెంటిసా అన్నది చూడాలి. అప్రెంటిస్ గడువు ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదు. జీతం 21,000 లోపుంటే మీ వంతుగా 0.75 శాతం ఈఎస్ఐకి పోతుంది. కోత పడుతుంటే కార్డు వచ్చిందో లేదో అడగండి. సీసంతో పనిచేసే విభాగమైతే రక్తంలో సీసం పరీక్ష ఎన్నాళ్లకోసారి చేయిస్తారో, పని బట్టలు అక్కడే ఉతికిస్తారో లేదో తెలుసుకోండి. ఆ బట్టలతో ఇంటికి వస్తే పిల్లలకు ప్రమాదం.

రైల్వే

పదో తరగతి లేదా ఐటీఐతో లెవెల్-1 (రైల్వేలో మొదటి మెట్టు పోస్టులు), మూల వేతనం 18,000. శారీరక పరీక్షలో మగవాళ్లు 35 కిలోల బరువుతో 100 మీటర్లు 2 నిమిషాల్లో కింద పెట్టకుండా నడవాలి, కిలోమీటరు 4 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. ఆడవాళ్లకు 20 కిలోలు, కిలోమీటరుకు 5 నిమిషాల 40 సెకన్లు. ఒకే నోటిఫికేషన్ కింద ట్రాక్ మెయింటెయినర్ (పట్టాలు చూసుకునేవాడు), పాయింట్స్‌మన్ (రైళ్లకు పట్టాలు మార్చేవాడు), వర్క్‌షాప్ అసిస్టెంట్ అన్నీ వస్తాయి, వాటి బతుకులు మాత్రం వేరు. ట్రాక్ మీద ఎండావానా, పాయింట్స్‌మన్‌కు రాత్రి రోస్టరు. తిరుపతిలో కోచ్‌లను విప్పి ఓవర్‌హాల్ చేసే క్యారేజ్ రిపేర్ షాపు లాంటి చోట పగటి పని, ఒకే గేటు, ఒకే సెక్షను. కాబట్టి ప్రాధాన్యాలు నింపేటప్పుడు వర్క్‌షాప్ పోస్టులు పైన పెట్టండి. కళ్లు మూసుకుని వరుసగా నంబర్లు వేస్తే మార్కులు బాగా వచ్చినా ట్రాకే దక్కవచ్చు.

రొటీన్‌లా కనిపించి కానివి

తిరుపతిలో లాడ్జి రిసెప్షన్, ట్రావెల్స్ కౌంటర్. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు వస్తే ఏ నియమమూ నిలవదు. ప్రతి ఒక్కరిదీ ఓ ప్రత్యేకమైన గొడవే. గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ పని పేరుకు దరఖాస్తుల ఎంట్రీ, చేతలకు సర్వేలు, పింఛన్ల పంపిణీ, పై నుంచి వచ్చే ప్రతి కొత్త పని. ఇక ఇంటి నుంచి డేటా ఎంట్రీ అని రిజిస్ట్రేషన్ ఫీజు అడిగేవి ఉద్యోగాలే కావు.

ఎవరికి ఏది

వేళ మారితే నిద్ర పట్టనివాళ్లకు రైల్వే వర్క్‌షాప్, ఆ తర్వాత అకౌంట్స్. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే బెరుకున్నవాళ్లకు ల్యాబ్ లోపలి పని, స్టోర్స్. ఇల్లు కదలలేనివాళ్లకు పోస్టాఫీసు. పెళ్లి, లోను, పింఛను ముందు చూసుకునేవాళ్లు బదిలీలకు సిద్ధపడి బ్యాంకుకే చదవడం మంచిది. వెంటనే జీతం కావాల్సిన వాళ్లకు ఫ్యాక్టరీ, కానీ అక్కడి నుంచి జనరల్ షిఫ్టుకు మారే దారి ముందే చూసుకోవాలి. ఆటిజం, నేర్చుకోవడంలో ఇబ్బంది, మానసిక అనారోగ్యం లాంటివి 40 శాతానికి తగ్గకుండా ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే, దివ్యాంగుల హక్కుల 2016 చట్టం కింద ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఉంది. నోటిఫికేషన్‌లో ఆ కాలమ్ చూడకుండా వదిలేయకండి.

రెండింటి మధ్య ఊగిసలాడుతుంటే పనిచేసే చోటును దాని గడ్డు రోజున చూసి రండి. ఆడిటరు ఆఫీసుకు 20వ తేదీ సాయంత్రం, బ్యాంకుకు నెల మొదటి సోమవారం, ల్యాబ్‌కు పొద్దున ఏడింటికి, ఫ్యాక్టరీ గేటుకు రాత్రి షిఫ్టు విడిచే వేళ. మామూలు రోజున ఏ ఆఫీసైనా బాగానే ఉంటుంది.

టీటీడీ గురించి అడగనివాళ్లుండరు కాబట్టి: రెగ్యులర్ పోస్టులకు నోటిఫికేషన్ అరుదు, వచ్చినప్పుడు అధికారిక వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. "లోపల మనవాళ్లున్నారు, అయిదు లక్షలు సర్దండి" అనేవాడు తిరుపతిలో ప్రతి వీధికీ ఒకడుంటాడు. డబ్బు పోతుంది, ఉద్యోగం రాదు, చెప్పుకుంటే మీరూ కేసులో ఇరుక్కోవచ్చు. ఆ నోటిఫికేషన్ కోసం మిగతావన్నీ ఆపి కూర్చోవడం కూడా అంతే నష్టం.

పోస్టల్, బ్యాంకు, రైల్వే దరఖాస్తులకు ఓబీసీ సర్టిఫికెట్ కేంద్రం ఫార్మాట్‌లో, క్రీమీ లేయర్ కాదని ఉండాలి. మండలాఫీసులో మామూలు కుల ధ్రువీకరణ తీసుకుని చివరి దశలో ఆగిపోయేవాళ్లు ఎక్కువ. ఈడబ్ల్యూఎస్ అయితే ఆ ఆర్థిక సంవత్సరానిదే చెల్లుతుంది. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. సరిచేయించడానికి పట్టే సమయం దరఖాస్తు గడువు కన్నా ఎక్కువ.